ఊరగాయ వెంట ఉత్తరం

ఇద్దరు ఆడవాళ్ల స్నేహం ఉత్తరాల మీద, తిండి మీద పెరగాలంటే ఆ ఉత్తరాల్లో ఆప్యాయత ఉంటే సరిపోదు, తూకం కూడా ఉండాలి. చాలామంది దీన్ని ఒప్పుకోరు. వంట ఉత్తరమంటే అమ్మమ్మ చేతి రుచి, పాత రోజులు, కాస్త కన్నీళ్లు అనుకుంటారు. అలాంటి ఉత్తరం చదవడానికి బాగుంటుంది గానీ దానికి జవాబు రాయడం కష్టం. "నిమ్మకాయలు కోసి, తగినంత ఉప్పు వేసి, కొన్నాళ్లు ఊరనివ్వు" అన్న ఉత్తరానికి "చేశాను వదినా, బాగుంది" తప్ప ఏం రాస్తాం? అదే "కిలో కాయలకు 200 గ్రాముల కల్లుప్పు, మూడు రోజులు ఊరాలి, పొద్దునా సాయంత్రం జాడీ కుదపాలి" అని రాస్తే, నాలుగో రోజు మూత తీసిన అవతలామెకు ఏదో ఒక తేడా కనిపిస్తుంది. రసం తక్కువ ఊరిందనో, తొక్క ఇంకా బిరుసుగానే ఉందనో రాస్తుంది. స్నేహం మొదలయ్యేది ఆ రెండో ఉత్తరం దగ్గరే.

ఒకామె నెల్లూరులో, ఇంకొకామె పొదిలిలో ఉన్నారనుకుందాం. రెండూ ఒకప్పుడు ఒకే జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు నుంచి అటు వెళ్లాయి. 1972లో ఆ కొత్త జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మాట దాదాపు ఒకటే, చుట్టరికాలు ఇప్పటికీ అటూ ఇటూ ఉన్నాయి. వంటిళ్లు మాత్రం వేరు. నెల్లూరుకు సముద్రం దగ్గర, పెన్న కింద మాగాణి ఉంది, గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలున్నాయి. పొదిలిది మెట్ట. కంది, సజ్జ, జొన్న, మిరప అక్కడి పంటలు. తాగే నీళ్లు, వండే నీళ్లు కూడా తేడా. ఇంత దగ్గరగా ఉండి ఇంత తేడా ఉన్న వంటిళ్లకే ఉత్తరాలు బాగా నడుస్తాయి. రెండు వంటిళ్లూ ఒక్కలాగే ఉంటే అడగడానికేమీ ఉండదు. బొత్తిగా పొంతన లేకపోతే ఒకరు పంపిన లెక్క ఇంకొకరికి పనికిరాదు.

వంట గురించే ఎందుకు రాయాలి, మనసులో మాట నేరుగా రాసుకోవచ్చుగా అని అడుగుతారు. మన ఇళ్లలో పెళ్లయిన ఆడమనిషికి అక్కచెల్లెళ్లు, వదినా మరదళ్లు, తోడికోడళ్లు ఉంటారు. స్నేహితురాలికి మాత్రం ఎవరూ చోటు చూపించరు. అందుకే స్నేహితురాలిని వదినా అనో, అక్కా అనో పిలిచి చుట్టరికంలో కలిపేసుకుంటారు. ఉత్తరం వస్తే "ఎవరు రాశారు, ఏం రాశారు" అన్న ప్రశ్న తప్పదు. ఊరగాయ గురించిన ఉత్తరాన్ని అత్తగారి ముందు పైకి చదవొచ్చు. ఆమె కూడా ఒక మాట చెబుతుంది, ఆ మాట తర్వాతి ఉత్తరంలోకి వెళుతుంది. ఉప్పు, కారాల లెక్కల మధ్య "పెద్దదాన్ని చదువు మానిపించమంటున్నారు, నాకేం తోచడం లేదు" అన్న వాక్యం ఒకటి ఉంటే అదీ వెళుతుంది. అంటే వంట వట్టి ముసుగేగా అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఊరగాయ సంగతీ నిజమే, కూతురి సంగతీ నిజమే. తన జాడీలో బూజు పట్టిందని ఒకామెకు దాచకుండా రాయగలిగినప్పుడు, ఇంట్లో సంగతి కూడా ఆమెకే రాయగలిగే చనువు వస్తుంది.

ఆడవాళ్లకు చదవడం, రాయడం వస్తే ఏమవుతుందో నెల్లూరుకు వేరే చెప్పక్కర్లేదు. పొణకా కనకమ్మగారు 1923లో ఇక్కడ ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు పాఠం చదివి, దాని మీద మాట్లాడుకొని, దూబగుంటలో సారా దుకాణం మూయించే దాకా ఊరుకోలేదు. కొత్తగా అక్షరాలు పట్టుబడిన మనిషి మొదట ఏం రాయాలి అంటే, ఎదుటివాళ్ల కన్నా తనకు బాగా తెలిసినదాన్ని రాయాలి. మన పెద్దావిడల్లో చాలామందికి అది వంటే. తప్పులు దొర్లినా అక్షరాలు వంకరపోయినా సరే, 200 గ్రాములు అన్నది 200 గ్రాములుగానే అవతలికి చేరుతుంది.

మొదటి ఉత్తరానికి ఏ వంట ఎంచుకోవాలంటే నేను నిమ్మకాయ ఊరగాయ అంటాను. అది నిదానంగా తయారవుతుంది, ఉత్తరం కూడా నిదానంగానే నడుస్తుంది. అంచెలంచెలుగా సాగుతుంది కాబట్టి ఒక్కో అంచెకు ఒక్కో ప్రశ్న పుడుతుంది. చివరికి పార్సిల్‌లో పంపడానికీ పనికొస్తుంది.

ఉత్తరంలో ఇలా రాయాలి. కాయలు కిలో. పసుపు తిరిగినవి, తొక్క పలచగా ఉన్నవి, కిలోకు 22 నుంచి 25 దాకా తూగే మధ్యరకం. పచ్చికాయ, దళసరి తొక్క కాయ పెడితే చేదు వస్తుంది. కడిగి, పొడిగుడ్డతో ఒక్కొక్క కాయనూ తుడిచి, నీడలో రెండు మూడు గంటలు ఆరనివ్వాలి. కత్తి, పీట, జాడీ, చెయ్యి అన్నీ తడి లేకుండా ఉండాలి. కాయల్లో 700 గ్రాములు ముక్కలకు, 300 గ్రాములు రసానికి. కాయను ఎనిమిది ముక్కలు చేసి, గింజలన్నీ ఏరేయాలి. రసం పిండేటప్పుడు చివరి బొట్టు దాకా తొక్కను నలపకూడదు, తొక్క లోపలి తెల్లపొర చేదంతా రసంలోకి దిగుతుంది. 200 గ్రాముల కల్లుప్పు ఎండలో పెట్టి దంచి, రెండు చెంచాల పసుపుతో ముక్కలకు పట్టించి, రసం పోసి జాడీలోకి ఎత్తాలి. మూడు రోజులు రెండు పూటలా కుదపాలి.

నాలుగో రోజు ముక్కలు తీసి, మెల్లగా వత్తి, పళ్లెంలో పరిచి ఎండబెట్టాలి. రసాన్ని పింగాణీ గిన్నెలో పోసి, పైన పలచటి గుడ్డ కట్టి, పక్కనే ఎండలో ఉంచాలి. రెండు ఎండలు చాలు. ముక్క పైన ఆరి, వేలితో నొక్కితే లోపల ఇంకా మెత్తగా తగలాలి. మూడో ఎండ కూడా పెడితే గలగలలాడిపోతుంది, మళ్లీ రసంలో వేసినా నెలల తరబడి నమలాల్సి వస్తుంది. తర్వాత ముక్కలు రసంలో వేసి, 100 గ్రాముల కారం, 15 గ్రాముల మెంతిపిండి కలపాలి. మెంతులు సన్నసెగ మీద ఎర్రగా, కమ్మటి వాసన వచ్చేదాకా మాత్రమే వేయించాలి. నల్లబడితే ఊరగాయంతా చేదెక్కుతుంది, ఆ నింద కాయల మీద పడుతుంది. తొక్క బాగా మెత్తబడడానికి మూడు వారాలు పడుతుంది. తాలింపు మొత్తానికి ఒకేసారి పెట్టనక్కర్లేదు. వారానికి సరిపడా తీసుకొని నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేసి కలుపుకుంటే సరి.

ఇంత రాశాక, ఏం చెడిపోతుందో కూడా రాయాలి. ఉత్తరం విలువంతా అక్కడే ఉంది. పైన ముక్కలు రసంలో మునగకపోతే బూజు వస్తుంది. రోజూ కుదపమన్నది అందుకే. ఉప్పు తగ్గితే బూజుతో పాటు ముక్క జావగారిపోతుంది. అల్యూమినియం గిన్నె వాడితే పులుపు లోహాన్ని తింటుంది, రసం రంగు మారి లోహపు వాసన వస్తుంది. ఉప్పును గ్లాసుతో కొలిస్తే ఇంకో చిక్కు ఉంది. ఇసకపల్లి ఉప్పుమళ్ల నుంచి వచ్చే గరుకు కల్లుప్పు గ్లాసెడు ఒక బరువు, పొట్లంలో దొరికే మెత్తటి ఉప్పు గ్లాసెడు అంతకన్నా ఎక్కువ బరువు. నెల్లూరామె కల్లుప్పు గ్లాసు లెక్క రాసి, పొదిలామె మెత్తటి ఉప్పుతో అదే గ్లాసు కొలిస్తే ఊరగాయ నోట పెట్టలేరు. తప్పు ఎవరిదీ కాదు, గ్లాసుది.

ఇప్పుడు పొదిలి నుంచి జవాబు వచ్చిందనుకోండి. "వదినా, ఇక్కడ దొరికిన కాయ చిన్నది, కిలోకు 30 తూగాయి. తొక్క ఎక్కువ, రసం తక్కువ. ముక్కలు మునగలేదు, ఇంకో ఆరు కాయల రసం పోశాను. ఉప్పు పెంచాలా?" ఎంత మంచి ఉత్తరం! దీనికి జవాబు సిద్ధంగా ఉంది. ఆరు కాయలంటే 200 గ్రాములు. కాయల బరువులో ఐదో వంతు ఉప్పు కాబట్టి ఇంకో 40 గ్రాములు వేయాలి. ఈ లెక్క చెప్పేటప్పుడు నెల్లూరామెకే ఒక సంగతి తెలుస్తుంది. కిలోకు 200 అని ఇన్నాళ్లూ చెయ్యి అలవాటుగా వేసినదాని వెనక ఐదో వంతు అన్న సూత్రం ఉంది. అడిగేదాకా ఆమె కూడా దాన్ని అలా చూడలేదు. నేర్పేవాళ్లకు, నేర్చుకునేవాళ్లకు ఇలా ఇద్దరికీ ఏదో ఒకటి దక్కాలి. అస్తమానం ఒకరే చెబుతూ ఇంకొకరు తలూపుతూ ఉంటే అది స్నేహంగా నిలవదు.

పాత కొలతల గురించి ఒక మాట. పెద్దవాళ్లు ఇచ్చిన లెక్కల్లో గిద్ద, సోల, తవ్వ, వీసె వస్తాయి. వీటిని వదిలేయొద్దు, పక్కనే గ్రాములు రాయండి. వీసె అంటే దాదాపు 1.4 కిలోలు, అరవీసె 700 గ్రాములు. సోలకు నాలుగు గిద్దలు. అయితే సోల ఊరికో రకంగా ఉండేది. అందుకని ఇంట్లో ఉన్న సోలలో బియ్యం తలకొట్టి పోసి, తూకం వేసి, "మా సోల బియ్యం ఇన్ని గ్రాములు" అని ఒకసారి రాసుకుంటే ఇక జీవితాంతం గొడవ ఉండదు. పంచదార, నూనె, పిండి వేటికవి వేరే తూగుతాయి. వాటినీ అలాగే ఒక్కసారి తూచి, ఆ చీటీని మొదటి ఉత్తరంతోనే పంపాలి.

ఊరగాయ ఉత్తరాలు కుదిరాక చేపల పులుసుకు రావచ్చు. దీన్ని పార్సిల్‌లో పంపలేం కాబట్టి రాతే మొత్తం బరువు మోయాలి. నెల్లూరు చేపల పులుసు అని ప్రతిచోటా బోర్డులుంటాయి. మామిడికాయ ఎప్పుడు వేయాలో, దాన్ని బట్టి చింతపండు ఎంత తగ్గించాలో చెప్పేవాళ్లు తక్కువ. కిలో చేపకు మామూలుగా 75 గ్రాముల చింతపండు. 150 గ్రాముల పుల్లటి మామిడికాయ వేస్తే చింతపండు 50కి దించాలి. కాయ ముక్క కొరికి చూసి, పళ్లు జివ్వుమంటే 40 చాలు. మామిడి లేని రోజుల్లో మళ్లీ 75.

వెడల్పాటి దాకలో 100 మిల్లీలీటర్ల నూనె పోసి, రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎర్రగా వేగనివ్వాలి. పచ్చిమిర్చి ఆరు, కరివేపాకు, రెండు టమాటాలు వేసి, అవి మగ్గి నూనె తేలాక మూడు పెద్ద చెంచాల కారం, రెండు పెద్ద చెంచాల ధనియాల పొడి, పసుపు, ఉప్పు. ముప్పావు లీటరు చింతపండు పులుసు పోసి పావుగంట మరగనివ్వాలి. పచ్చివాసన ఇక్కడే పోవాలి. చేప వేశాక పోగొట్టాలని చూస్తే ముక్క చెదురుతుంది. మామిడి ముక్కలు తొక్కతోనే, నిలువుగా కోసి, చేపకు ఐదు నిమిషాల ముందు వేయాలి. ఇంకా ముందే వేస్తే కరిగి గుజ్జవుతాయి, చేపతో పాటు వేస్తే పులుపు దిగదు. చేప ముక్కలు రెండు వేళ్ల మందం. వేశాక గరిట ముట్టుకోకూడదు. దాకను గుడ్డతో పట్టి తిప్పాలి. వంజరానికి ఎనిమిది నుంచి పది నిమిషాలు, చెరువు చేపకు పది నుంచి పన్నెండు. ఆఖరి రెండు నిమిషాల్లో అర చెంచా మెంతులు, చెంచా ఆవాలు, చెంచా జీలకర్ర వేయించి కొట్టిన పొడి చల్లి దించాలి. మర్నాటికి ముక్కకు పులుసు పడుతుంది. అప్పుడు తింటేనే అది నెల్లూరు పులుసు.

పొదిలిలో తాజా వంజరం రోజూ దొరకదు. అక్కడ బొచ్చె, శీలావతి. చెరువు చేపకు మట్టివాసన ఉంటుంది. నెల్లూరామె ఉత్తరంలో దాని సంగతే ఉండకపోవచ్చు, ఎందుకంటే ఆమెకు ఆ ఇబ్బంది రాలేదు. పొదిలామె ముక్కలను కల్లుప్పుతో రుద్ది, మజ్జిగలో పావుగంట ఉంచి కడిగి చూసి, ఫలితం రాస్తుంది. పులుసు ఇప్పుడు పొదిలి పులుసు కూడా అవుతుంది. ఆ కాగితం అంచున నెల్లూరామె "చెరువు చేపైతే మజ్జిగ" అని రాసిపెట్టుకుంటుంది. ఇలా అంచుల్లో ఇంకొకరి చేతిరాత చేరిన కాగితాన్ని నేను ఏ అచ్చుపుస్తకం కన్నా ఎక్కువ నమ్ముతాను.

అటు నుంచి ఇటు వచ్చే వంట కందిపొడి. మెట్ట కంది రుచి వేరు, దాన్ని ఎక్కువసేపు వర్ణించక్కర్లేదు. కందిపప్పు 200 గ్రాములు, సెనగపప్పు 50, ఎండుమిర్చి పది, జీలకర్ర రెండు చెంచాలు, మిరియాలు అర చెంచా, పొట్టు తీయని వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు. పప్పులు విడివిడిగా సన్నసెగ మీద వేయించాలి. రెండింటి గింజ పరిమాణం ఒకటి కాదు కాబట్టి కలిపి వేయిస్తే ఒకటి మాడుతుంది, ఇంకొకటి పచ్చిగా ఉంటుంది. కంది వేగడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. పూర్తిగా చల్లారాక, చివర్లో వెల్లుల్లి వేసి, కాస్త బరకగా కొట్టాలి. వేడిమీద సీసాకెత్తితే ఆవిరి పట్టి ఉండకడుతుంది. ఎక్కువ రోజులు నిలవ ఉండాలన్నా, పార్సిల్‌లో పోవాలన్నా వెల్లుల్లి వేయకుండా పంపి, అక్కడ వేసుకోమని రాయాలి.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. గట్టి నీళ్లలో పప్పు త్వరగా ఉడకదు. నెల్లూరామె "కుక్కర్‌లో మూడు కూతలు" అని రాస్తే అక్కడ పప్పు పలుకుగానే ఉంటుంది. పొదిలామె తన చేతిదే తప్పనుకొని ఆ మాట రాయకుండా ఊరుకుంటే ఉత్తరాలు అక్కడే ఆగిపోతాయి. "మూడు కూతలకు ఉడకలేదు, ఆరు పెట్టాల్సొచ్చింది" అని రాస్తే ఇద్దరూ కారణం వెతుకుతారు. పప్పు గంటసేపు నానబెట్టడం, ఉడికేదాకా ఉప్పూ చింతపండూ వేయకపోవడం, వీలైతే ఫిల్టరు నీళ్లు పోయడం అనే మూడు మార్గాలు దొరుకుతాయి. అందుకే మొహమాటానికి బాగుందని రాయడం ఈ స్నేహానికి అన్నిటికన్నా పెద్ద చెరుపు అంటాను. రుచి కుదరకపోతే కుదరలేదనే రాయాలి. ఎక్కడ కుదరలేదో, ఏ పూట, ఏ గిన్నెలో చేశారో రాయాలి.

ఇది మన దగ్గరే జరిగేది కాదు. 1952లో పారిస్‌లో ఉంటున్న జూలియా చైల్డ్ అనే అమెరికన్ ఆవిడ, వంటింటి కత్తులు సరిగా తెగవని పత్రికలో రాసిన బెర్నార్డ్ డివోటో అనే రచయితకు ఒక ఫ్రెంచి కత్తి పంపి ఉత్తరం రాసింది. జవాబు రాసింది ఆయన భార్య ఏవిస్. అక్కడి నుంచి ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఉత్తరాలు సాగాయి. ఇద్దరూ ఎదురెదురుగా కలుసుకున్నది 1954లో. జూలియా ఫ్రాన్స్‌లో రాసిన కొలతలను ఏవిస్ అమెరికా వంటింట్లో వండి చూసి, అక్కడ దొరికే సరుకులతో కుదిరాయో లేదో తిరిగి రాసేది. జూలియా మరో ఇద్దరితో కలిసి రాసిన ఫ్రెంచి వంటల పుస్తకం 1961లో అచ్చయింది. ఒక ప్రచురణకర్త కాదన్నాక ఇంకొకరి దగ్గరికి ఆ రాతప్రతిని చేర్చింది ఏవిసే. వాళ్ల స్నేహంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ కత్తి. మొదటి ఉత్తరంతోనే పనికొచ్చే వస్తువొకటి వెళ్లింది, మెప్పు మాటలు తర్వాత వచ్చాయి.

వీడియోకాల్ ఉండగా ఉత్తరమెందుకు అన్నది న్యాయమైన ప్రశ్నే. మెంతులు ఏ రంగు దాకా వేగాలో వీడియో చూపినంత బాగా అక్షరాలు చూపలేవు, ఒప్పుకుంటాను. దానికి ఫోన్ వాడుకోండి. ఫోన్‌లో జరగనిది ఏమిటంటే, చెప్పేవాళ్లు ఆగి తూచడం. మాటల్లో "ఇంత వెయ్యి" అని చెయ్యి చూపిస్తే అయిపోతుంది. కాగితం మీద ఆ చేతిని ఎవరూ చూడరు గనక అంకె వేయక తప్పదు. ఇంకోటి, వీడియోలో కుదిరిన వంటే కనిపిస్తుంది. మూడు వారాల తర్వాత తొక్క మెత్తబడిందా లేదా అన్నది ఏ వీడియోలోనూ ఉండదు, అది చెప్పాలని గుర్తుపెట్టుకున్న మనిషి ఒకరు కావాలి. చేతివాటం కొలతల్లో పెడితే చచ్చిపోతుందనే వాదన కూడా వింటుంటాం. చేతివాటం ఉన్నామె గ్రాములు రాసినంత మాత్రాన అది ఆమె చేతిని వదిలిపోదు. రాయకపోతే మాత్రం ఆమెతోనే పోతుంది.

ఇక పంపడం. పోస్టుకార్డు 50 పైసలు, ఇన్‌లాండ్ లెటర్ రెండున్నర, కవరు 20 గ్రాముల దాకా 5 రూపాయలు. మామూలు ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది, కాబట్టి కవరుతో కలిపి మూడు కాగితాలు ఇమడతాయి. ఇన్‌లాండ్ లెటర్‌లో లోపల ఏమీ పెట్టకూడదు, కొలతల చీటీ పంపాలంటే కవరే. ఆ కవరులో మెంతిపొడి పొట్లం పెట్టి పంపే అలవాటు కొందరికి ఉంది, ముద్ర దెబ్బకు పొట్లం పగిలి పక్క ఉత్తరాలు కూడా పాడవుతాయి. పొడులు పార్సిల్‌లోనే వెళ్లాలి. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, చేరినట్టు తెలియాలంటే ఇప్పుడు స్పీడ్ పోస్టే. పిన్ కోడు రాయడం మరవొద్దు. జిల్లాల హద్దులు మారుతున్నాయి గానీ పిన్‌లు అలాగే ఉన్నాయి.

ఊరగాయను పెట్టిన వారంలోనే పంపకూడదు. కొత్త ఊరగాయ ఇంకా పొంగుతుంటుంది, దారిలో మూత లేచి కారుతుంది. మూడు వారాలు ఆగాలి. గాజు సీసా వద్దు, లోపలి మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా మేలు. అంచుకు వేలెడు కిందికే నింపి, మూతి పొడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ కాగితం పరిచి మూత బిగించి, చుట్టూ టేపు వేయాలి. తర్వాత రెండు కవర్లు, వాటి చుట్టూ పాత వార్తాపత్రికలు మందంగా. కారినా పీల్చుకోవడానికే కాగితం. అట్టపెట్టెలో డబ్బా కదలకూడదు, చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. వెనకటి రోజుల్లో పైన గుడ్డ కుట్టి లక్క వేసేవాళ్లు. ఇప్పుడు టేపు చాలు, కానీ వానాకాలంలో గుడ్డ కుట్టు ఇప్పటికీ మంచిదే, దానిమీద చిరునామా తుడిచిపెట్టుకుపోని సిరాతో రాయాలి.

తీపి పంపాలనుకుంటే నెల్లూరు మలైకాజా వద్దు, పాల సరుకు, దారిలో పులుస్తుంది. అది చేతితో తీసుకెళ్లాల్సిందే. ఒంగోలు అల్లూరయ్య మైసూర్‌పాక్ లాంటివి నెయ్యి, పంచదార, సెనగపిండి సరుకు కాబట్టి తట్టుకుంటాయి. అరిసెలు కూడా తట్టుకుంటాయి. అయితే వండిన రోజు చిల్లుల పళ్లెంలో నూనె పూర్తిగా ఓడనిచ్చి, మర్నాడు కట్టాలి.

ఎప్పుడు రాయాలన్నది కాలమే చెబుతుంది. సంక్రాంతికి ముందు చింతకాయ తొక్కు, అరిసెల పాకం. మాఘం దాటేలోపు పండుమిరప కారం. ఎండాకాలంలో ఆవకాయ, అప్పుడు నిమ్మకాయ ధర ఎలాగూ మండుతుంది. వేసవి పోయి గూడూరు మార్కెట్లో ధర దిగాక, వానలకు తెరిపి ఇచ్చిన రోజులు చూసుకొని నిమ్మకాయ. కార్తీకంలో ఉసిరి. ఒక్కొక్క దానికి ముందొక ఉత్తరం, తర్వాతొక ఉత్తరం పెట్టుకున్నా ఏడాదికి పన్నెండు అవుతాయి.

డబ్బా తిరిగి పంపేటప్పుడు ఖాళీగా పంపరు కదా. నిమ్మకాయ వచ్చిన డబ్బాలో కందిపొడి పంపాలంటే సబ్బుతో కడిగి ఒక పూట ఎండలో పెట్టినా మూత గాడిలో పులుపు వాసన ఉంటుంది, పొడికి అంటుకుంటుంది. ఆ డబ్బాలో మళ్లీ ఊరగాయే పెట్టండి. పొడికి వేరే డబ్బా తీసుకొని, మూత మీద చీటీ అంటించి, వేయించిన తేదీ, ఉప్పు ఎన్ని గ్రాములు వేశారు, వెల్లుల్లి వేశారా లేదా రాయండి.